ఎలా ఎత్తమంటారు?

పడవ ప్రయాణాలకి తీసుకెళ్లే సంస్థ నుంచి ఫోన్ చేసిన ఆవిడ అడిగినవన్నీ మామూలు ప్రశ్నలే. వయసెంత, బరువెంత, ఈత వచ్చా, మందులేమైనా వాడుతున్నారా, తిండిలో పడనివేమిటి. నేను కూడా బ్యాంకువాళ్లకి చెప్పినట్టు టకటకా చెప్పుకుపోతున్నాను. ఆ వరసలోనే, గొంతేమీ మార్చకుండా, "కుర్చీలోంచి పడవలోకి మిమ్మల్ని ఎలా ఎత్తమంటారు?" అంది.

వెంటనే జవాబు తోచలేదు. నాకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది. అప్పట్నుంచి నన్ను ఎత్తినవాళ్ల పేర్లు రాసుకుంటూ పోతే ఓటర్ల జాబితా అంత అవుతుంది. నాన్న, ఇద్దరు బాబాయిలు, బడిలో అటెండరు, బస్సు కండక్టర్లు, రైల్వే కూలీలు, కాకినాడ హాస్టల్లో రూమ్మేట్లు, పెళ్లిలో బావమరుదులు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదలో బియ్యం బస్తాల తర్వాత, రేడియో కంటే ముందు నన్ను అటకెక్కించారు. ఇంతమందిలో ఒక్కరు కూడా ఎలా ఎత్తమంటావురా అని అడగలేదు. తప్పు పట్టడం లేదు. వాళ్లు ఎత్తకపోతే నేను ఎక్కడివాణ్ణి అక్కడే ఉండేవాణ్ణి. అది అడగాల్సిన సంగతని వాళ్లకీ తెలీదు, నాకూ తెలీదు.

"మీ ఇష్టమండీ" అన్నాను.

"నా ఇష్టంతో ఏం పని? ఒళ్లు మీది కదా" అని నవ్విందావిడ.

ఇది 2023 జూన్ సంగతి. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు.

మాది గోదారి ఏటిగట్టు పక్కన ఊరు, పశ్చిమ గోదావరి వైపు. చిన్నప్పుడు శివరాత్రికి పట్టిసీమ తీర్థానికి వెళ్లేవాళ్లం. వీరభద్రస్వామి గుడి ఏటి మధ్యలో కొండ మీద ఉంటుంది. పడవ దాటాలి, ఇసుకలో నడవాలి, మెట్లెక్కాలి. నాన్న నన్ను వీపున వేసుకుని పైపంచెతో తన నడుముకి కట్టేసుకునేవాడు. పడవలో కూర్చున్నాక కూడా ఆ ముడి విప్పేవాడు కాదు. నీళ్లలో చెయ్యి పెడతానంటే "కదలకురా" అనేవాడు. 1991 పుష్కరాలకి కూడా అమ్మ చెంబుతో తెచ్చి, రేవు మెట్ల మీద కూర్చోబెట్టి నా నెత్తిన పోసింది. అలా గోదారి ఒడ్డున పుట్టి పెరిగి, గోదాట్లో కాలు పెట్టకుండానే ఇంజనీరింగ్ పూర్తి చేసి, 2001లో కాలిఫోర్నియా వచ్చి పడ్డాను. కాలిపర్లు, చంకకర్రలతో ఉద్యోగం బాగానే లాగాను. నలభై దాటాక భుజాలు మొరాయించాయి. పోలియో వచ్చి వెళ్లిన కొన్ని దశాబ్దాలకి కండరాలు మళ్లీ నీరసించవచ్చని, దానికి పోస్ట్ పోలియో సిండ్రోమ్ అని పేరుందని ఇక్కడి డాక్టరు చెబితేగానీ తెలియలేదు. అప్పట్నుంచి వీల్‌చైర్.

రాఫ్టింగ్, అంటే ఏటి ఉరవళ్ల మీద రబ్బరు పడవలో పోవడం. ఆ మాట వింటే నాకు ఒక పాత మంట ఉంది. కోవిడ్‌కి ముందు ఓసారి మా టీమంతా రాఫ్టింగుకి వెళ్లింది. నేనూ వస్తానన్నాను. ఆ పడవల కంపెనీవాళ్లు ఫోన్లోనే "మీకు సేఫ్ కాదు సార్, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు" అని తేల్చేశారు. నా కాళ్ల సంగతి ఒక్కటి కూడా అడగలేదు. ఆ రోజంతా ఒడ్డున కూర్చుని పద్నాలుగు మంది ఫోన్లు, కారు తాళాలు కాపలా కాశాను. ఫొటోలు కూడా నేనే తీశాను, బాగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు.

అందుకని మా అమ్మాయి వచ్చి "నాన్నా, నీకు రాఫ్టింగ్ ట్రిప్పు దొరికింది" అంటే నేను లేచి గంతులేయలేదు. దానికి హైస్కూల్లో వాలంటీరు గంటలు కావాలి. ఇక్కడి పిల్లలకి అదో టెన్షన్. వెతుక్కుంటుంటే ఈటీసీ కనపడిందట. పూర్తి పేరు ఎన్విరాన్‌మెంటల్ ట్రావెలింగ్ కంపానియన్స్. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫోర్ట్ మేసన్ దగ్గర ఆఫీసు. 1972 నుంచీ వికలాంగుల్ని, ఇలాంటి వాటికి డబ్బు పెట్టలేని ఇళ్ల పిల్లల్ని నదుల మీదికి తీసుకెళ్తున్న లాభాపేక్ష లేని సంస్థ. రాఫ్టింగే కాదు, సముద్రపు కయాకింగ్, మంచు మీద స్కీయింగ్ కూడా ఉన్నాయి. గైడ్లలో చాలామంది వాలంటీర్లే. మా అమ్మాయి తన గంటల కోసం వెళ్లి నా పేరు రాయించి వచ్చింది.

అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది. కానీ మా ఆవిడ చెప్పేసింది. రాత్రి వీడియో కాల్లో అమ్మ, "కచ్చులూరు మర్చిపోయావా?" అంది. మర్చిపోలేదు. 2019 సెప్టెంబర్‌లో పాపికొండలకి వెళ్తున్న బోటు అక్కడ మునిగినప్పుడు పోయినవాళ్ల గురించి మా ఊళ్లో వారాల తరబడి మాట్లాడుకున్నారు. "ఆళ్లందరికీ కాళ్లున్నాయిరా" అంది అమ్మ. దానికి నా దగ్గర సమాధానం లేదు. లైఫ్ జాకెట్ వేస్తారమ్మా, హెల్మెట్ పెడతారమ్మా అని ఏదో సర్దిచెప్పాను.

ఇక ఫారం. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. బరువు డెబ్భై ఎనిమిదైతే డెబ్భై రెండని రాశాను. "ఆనుకోకుండా కూర్చోగలరా?" అన్నచోట "గలను" అని పెట్టాను. నిజానికి నా కుడి తుంటి దగ్గర కండ లేదు, నడుము కుడివైపుకి ఒరుగుతుంది. కుర్చీకి చేతులుంటే తెలీదు, లేకపోతే రెండు నిమిషాల్లో వాలిపోతాను. "చర్మం మీద ఒత్తిడి పుళ్లు వస్తాయా?" "రావు." ఎందుకలా రాశానంటే అలవాటు. సీటు కావాలన్నా, ఉద్యోగం కావాలన్నా, అద్దె ఇల్లు కావాలన్నా నాలాంటివాడు మొదట చెప్పాల్సిన మాట "నాకేం ఇబ్బంది లేదండీ" అన్నదే. ముప్ఫై ఏళ్లు అదే మంత్రం చదివినవాడికి నిజం రాయమని ఒక ఫారం ఇస్తే చెయ్యి ఎలా తిరుగుతుంది?

ఆగస్టులో వెళ్లాం. ఫ్రీమాంట్ నుంచి శాక్రమెంటో మీదుగా ప్లేసర్‌విల్ దాకా వెళ్లి, అక్కడ్నుంచి లోయలోకి దిగాలి. నది పేరు అమెరికన్ నది, అందులో సౌత్ ఫోర్క్ అనే పాయ. పడవెక్కే చోటు చిలీ బార్. అక్కడ్నుంచి ఫోల్సమ్ చెరువు దాకా ఇరవై మైళ్ల పైచిలుకు ప్రయాణం, రెండ్రోజులు. ఎండ మండిపోతోంది. నీళ్లు మాత్రం మంచు కరిగి వచ్చినవి, చెయ్యి పెడితే ఎముకలు జిల్లుమన్నాయి. ఆ యేడు సియెర్రా కొండల మీద మంచు విపరీతంగా పడింది. అయినా వేసవిలో ఈ నది తన ఇష్టానికి పారదు. పైనున్న డ్యాముల నుంచి ఏ పూట ఎంత వదిలితే అంత. డెల్టా కాలవలకి నీళ్లొదిలినట్టే. మేం ఒడ్డున కూర్చుని "నీళ్లు ఒదిలారా?" అని అడుగుతుంటే నాకు మా ఊరి లాకుల దగ్గర ఉన్నట్టే అనిపించింది.

మా పడవకి గైడు అరవై దాటిన ఆవిడ, రిటైరైన టీచరు. నేను మనసులో గైడమ్మ అని పేరు పెట్టుకున్నాను. వెనక ఇనప చట్రం మీద రెండు పెద్ద తెడ్లతో ఆవిడ, ముందు చిన్న తెడ్లతో మేం. మేం అంటే నేను, మా అమ్మాయి, చూపులేని ఒక కాలేజీ కుర్రాడు, డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక అమ్మాయి, వాళ్ల అన్న, ఒక వాలంటీరు. ముందు ఒడ్డు మీదే గంటసేపు పాఠం. పడవలోంచి పడితే వెల్లకిలా తేలాలి, కాళ్లు నది పోయే వైపు ఉండాలి, ప్రవాహంలో నిలబడటానికి చూడకూడదు, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే నీరు మనిషిని తొక్కేస్తుంది. "నిలబడకూడదు" అని చెప్పినప్పుడు గైడమ్మ నా వైపు చూసి, "ఈ ఒక్క రూల్లో మీకు అందరికంటే ఎక్కువ ప్రాక్టీసు" అంది. ఒక్క క్షణం అందరూ బిగుసుకున్నారు. నేను నవ్వాక వాళ్లూ నవ్వారు.

ఇక ఎత్తడం. వెనక ఒకాయన నా చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి నా ముంజేతులు పట్టుకున్నాడు. ఇంకొకావిడ మోకాళ్ల కింద. ఆగారు. గైడమ్మ అడిగింది: "మూడు అన్నప్పుడు ఎత్తాలా, మూడు అన్న తర్వాతా?"

ఇది చాలా పెద్ద ప్రశ్నండీ. ఎత్తేవాళ్లలో ఒకడు "మూడు" మీద, ఇంకొకడు "మూడు" అయ్యాక ఎత్తితే మధ్యలో వేలాడేది మనం. నా కుడి మోకాలు పూర్తిగా చాపుకోదు, లాగితే ప్రాణం పోతుంది. ఆ సంగతి చెప్పాను. మోకాళ్ల దగ్గరున్నావిడ చెయ్యి కాస్త కిందికి జరిపి "ఇలాగా?" అంది. "ఇంకొంచెం." "ఇలా?" "ఆఁ." లెక్క నన్నే పెట్టమన్నారు. టెన్షన్లో ఇంగ్లీషు రాలేదు. "ఒకటీ, రెండూ, మూడూ" అనేశాను. వాళ్లకి తెలుగు రాకపోయినా మూడోదానికి సరిగ్గా లేచాను.

పడవలో నాకోసం ఒక కుర్చీ. క్యాంపింగ్ కుర్చీ కాళ్లు కోసేసి, వీపు మాత్రం ఉంచి, కింద మందపాటి ఫోమ్ పరిచారు. దాన్ని పడవకి పట్టీలతో బిగించారు. నేను కూర్చున్నాక బెల్టు కోసం చేత్తో తడుముతుంటే గైడమ్మ చూసింది. "కుర్చీని కడతాం. మనిషిని కట్టం. ఎవర్నీ కట్టం." పడవ తిరగబడితే కట్టిన మనిషి పడవతోపాటే కిందికి పోతాడు. వినగానే సబబే అనిపించింది. అయినా నా చెయ్యి నడుము దగ్గరే ఉంది. నాన్న పైపంచె ముడి ఉండే చోట.

ఈ పాయలో పెద్ద ఉరవళ్లకి ఒక్కోదానికి ఒక్కో పేరు. బయల్దేరిన కాసేపటికే వచ్చేది మీట్‌గ్రైండర్, మాంసం కొట్టే మిషన్. పేరు పెట్టినవాడికి దండం. పొడుగ్గా, రాళ్ల మధ్య, పడవ ఎటు విసిరితే అటు. మొదటి కెరటం నా మొహాన కొట్టింది. రెండోదానికి పడవ ఎడమ పక్క లేచింది. నేను ఫారంలో రాసిన అబద్ధం అక్కడ బయటపడింది. మూటలా కుడివైపుకి ఒరిగిపోయాను. హెల్మెట్ పడవ అంచుకి ఆనింది, ముక్కు నీళ్లకి జానెడు దూరంలో ఉంది. వెనకున్న వాలంటీరు లైఫ్ జాకెట్ భుజం పట్టీ పట్టి ఒక్క లాగు లాగాడు. కూర్చున్నాను. మళ్లీ ఒరిగాను. మళ్లీ లాగాడు. అలా ఆ ఉరవడంతా నన్ను ఆయన చేద తోడినట్టు తోడాడు.

గైడమ్మ పడవని ఒడ్డు పక్కన నీళ్లు వెనక్కి తిరిగే చోటికి నడిపి ఆపింది. నా మీద అరుస్తుందనుకున్నాను. "కుడి తుంటి?" అంది. అవునన్నాను. బరువు కూడా ఆరు కేజీలు తక్కువ రాశానని చెప్పేశాను. "అది ఎత్తినవాళ్లు అప్పుడే చెప్పారు" అంది. సంచిలోంచి రెండు ఫోమ్ ముక్కలు తీసి, ఒకటి తుంటి కింద, ఒకటి నడుముకీ పడవ గోడకీ మధ్య దోపింది. చిన్న కత్తితో ఒక అంచు కోసింది, మళ్లీ దోపింది. "ఇప్పుడు ఒరగండి చూద్దాం." ఒరగలేకపోయాను. పని మొత్తం పది నిమిషాలు. ఇరవై ఏళ్లుగా ఆఫీసు కుర్చీల్లో దిండ్లు మారుస్తున్నాను, ఇంత సరిగ్గా ఎప్పుడూ కుదరలేదు.

పనిలో పనిగా ఇంకోటి కూడా పట్టుకుంది. "పొద్దుట్నుంచి మీరు మంచినీళ్లు తాగలేదు."

వీల్‌చైర్‌లో తిరిగేవాళ్లకి ఈ రహస్యం తెలుసు. బయటికెళ్తే నీళ్లు తాగం. తాగితే బాత్రూం కావాలి, బాత్రూంకి తలుపు సరిపోవాలి, లోపల కుర్చీ తిరగాలి, ఎత్తేవాళ్లు కావాలి. అందుకని పెళ్లిళ్లకి, విమానాలకి, తీర్థాలకి ఎండిపోయి వెళ్తాం. ఆవిడ పక్కనున్న సామాన్ల పడవ చూపించి, అందులో చిన్న గుడారం, చేతులున్న కమోడు కుర్చీ ఉన్నాయని, ఎక్కడ ఆపమంటే అక్కడ వేస్తామని, ఇద్దరు సాయం వస్తారని చెప్పింది. సీసా చేతికిచ్చి సగం అయ్యేదాకా పడవ కదపలేదు.

కొలోమా అనే ఊరికి ముందు ట్రబుల్‌మేకర్ అనే మలుపు ఉంది. నీరు ఒక పక్కకి తిరిగి, వెంటనే ఇంకో పక్కకి పడుతుంది, మధ్యలో బండ. ముందు కూర్చున్న చూపులేని కుర్రాడు అది మాకెవరికీ కనపడక ముందే "వస్తోంది, ఎడమ పక్క ఎక్కువుంది" అన్నాడు. చప్పుడుని బట్టి. ఆ తర్వాత ప్రతి ఉరవడికీ మేం అతని మొహం చూసి తెడ్లు సర్దుకున్నాం. ఫార్వర్డ్, ఫార్వర్డ్ అని గైడమ్మ అరుస్తుంటే నా తెడ్డు సగం సార్లు గాల్లోనే తిరిగింది. అయినా తెడ్డేశాను. బండ పక్కనుంచి జారి కిందికి పడ్డప్పుడు డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి "ఇంకోసారి!" అని కేక పెట్టింది. నదిలో ఇంకోసారి ఉండదని వాళ్లన్న ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

అది దాటితే ఊరు. 1848 జనవరిలో జేమ్స్ మార్షల్‌కి బంగారపు రేకులు దొరికింది ఇక్కడి రంపపు మిల్లు దగ్గరే. బంగారం కోసం జనం కాలిఫోర్నియాకి ఎగబడింది దాంతోనే. ఇప్పుడది పార్కు. అక్కడ్నుంచి కొన్ని మైళ్లు ఒడ్డునంతా ఇళ్లు, క్యాంపులు ఉంటాయి కాబట్టి పడవలవాళ్లు కేకలు పెట్టకూడదని కౌంటీ నియమం. అంత గోల తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. తెడ్డు నుంచి కారే నీళ్ల చుక్కలు వినపడ్డాయి. అప్పుడు పడవ అంచు మీంచి చెయ్యి నీళ్లలో పెట్టాను. ఎవరూ కదలకు అనలేదు.

రాత్రి క్యాంపులో మా ఆవిడ నా నడుము దగ్గర ఎర్రటి మచ్చ చూసింది. ఫోమ్ దోపకముందు కుర్చీ గొట్టం ఒరుసుకున్న చోటు. నాకు స్పర్శ ఉంది, పోలియోలో స్పర్శ పోదు. మంట తెలుస్తూనే ఉంది, ఓర్చుకున్నాను. గైడమ్మకి అప్పుడు మాత్రం నిజంగానే కోపం వచ్చింది. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకి ఆ చోట ఏమీ తెలీదని, అలాంటి ఎర్ర మచ్చ పుండై నెలల తరబడి మంచాన పడేస్తుందని, తెలిసే నేను దాచడం ఏమిటని అడిగింది. నాకు మా లెక్కల మాస్టారు గుర్తొచ్చారు.

భోజనాల తర్వాత మంట చుట్టూ కూర్చున్నప్పుడు ఒక పాత వాలంటీరు ఈ సంస్థ పుట్టిన కథ చెప్పాడు. డెబ్భైల మొదట్లో స్టానిస్లాస్ అనే నది మీద పడవలు నడిపే కుర్రాళ్లు మొదలుపెట్టారు. వాళ్లలో మార్క్ డుబోయిస్ అని ఆరున్నర అడుగుల మనిషి. ఆఫీసు లేదు, పాత పడవలు, దొరికిన సామాను. ఎవరికైతే నది అందదో వాళ్లని తీసుకెళ్దాం అన్నదొక్కటే ఆలోచన. అదే 1972లో బర్క్‌లీలో ఎడ్ రాబర్ట్స్, ఆయన మిత్రులు వికలాంగులే నడిపే సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ పెట్టారు, ఎవరి బతుకు వాళ్లే నడుపుకోవడానికి సాయపడే కేంద్రం. ఎడ్ రాబర్ట్స్ పద్నాలుగో ఏట పోలియో వచ్చి మెడ కింద కదలిక పోయినవాడు. ఇక 1977 ఏప్రిల్లో శాన్ ఫ్రాన్సిస్కో ఫెడరల్ బిల్డింగులో వికలాంగులు దాదాపు నాలుగు వారాలు బైఠాయించి, ప్రభుత్వ సొమ్ము తీసుకునే చోట్ల వికలాంగుల పట్ల వివక్ష కూడదనే 504 నిబంధనల మీద సంతకం పెట్టించుకున్నారు. ఈ పడవల సంస్థ ఆ గాలిలో పెరిగిన పిల్ల.

కానీ పుట్టిన నది దక్కలేదు. స్టానిస్లాస్ మీద న్యూ మెలోనిస్ డ్యామ్ కట్టారు. ఆపడానికి 1974లో రాష్ట్రమంతా ఓటింగ్ పెడితే ఓడిపోయారు. 1979 మేలో రిజర్వాయరు నింపుతుంటే మార్క్ డుబోయిస్ లోయలో ఎవరికీ కనపడని చోట తనని తాను బండకి గొలుసుతో కట్టేసుకున్నాడు. నీళ్లు పెంచితే నేనూ మునుగుతానని ఇంజనీర్లకి ఉత్తరం రాశాడు. కొన్నాళ్లు ఆగింది. ఆ తర్వాత ఎనభైల మొదట్లో పెద్ద వానలకి రిజర్వాయరు నిండిపోయింది, పడవలు నడిచిన లోయ అడుగున ఉండిపోయింది.

అందరూ ఊఁ కొడుతున్నారు. నేను మాత్రం పోలవరం దగ్గర ఆగిపోయాను. పట్టిసీమకి ఇంకా పైన, దేవీపట్నం వైపు, మా అమ్మమ్మగారి తరఫు చుట్టాలున్న ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాళ్లు పడవల మీద సామాన్లు దించుకున్న ఫొటోలు వాట్సాప్‌లో వచ్చాయి. మా డెల్టాకి ఆ నీళ్లు కావాలి, అదీ తెలుసు. ఆ పెద్దాయనకి ఇదంతా ఎలా చెప్పాలో తెలీక, "మా నది మీదా ఒకటి కడుతున్నారు" అన్నాను. "అయితే ఇప్పుడే వెళ్లి చూసుకో" అన్నాడు.

రెండో రోజు గురించి ఎక్కువ చెప్పను. ఎత్తడం, దించడం ఇరవై నిమిషాల పనల్లా ఐదు నిమిషాలైంది. లోయ ఇరుకైంది, ఉరవళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సేటన్స్ సెస్‌పూల్, అంటే సైతాను మురుగ్గుంట అనేదాని దగ్గర తీసిన ఫొటోలో నా నోరు ఎంత తెరుచుకుందో చూసి అమ్మ భయపడింది, అది నవ్వు అంటే నమ్మలేదు. హాస్పిటల్ బార్, వెంటనే రికవరీ రూమ్. ఆ పేర్ల వరస చూస్తే పెట్టినవాడికి హాస్యం ఉంది. చివర్లో నది చెరువులో కలిసేముందు నీళ్లు నిదానించాయి. గైడమ్మ "దిగుతారా?" అంది. ఇద్దరు ముందు నీళ్లలోకి దూకి నిలిచారు. నన్ను అంచు మీంచి జార్చారు. ఊపిరి ఆగినంత చలి. లైఫ్ జాకెట్ పైకి లేపింది, కాళ్లు వాటంతటవే తేలి నా ముందుకొచ్చాయి. రెండు నిమిషాలుంటే ఎక్కువ. పళ్లు టకటకలాడుతుంటే మా అమ్మాయి "నాన్నా, ఇంక చాలు" అంది. మళ్లీ ఎక్కించడానికి ముగ్గురు కావాల్సొచ్చింది. బరువు నిజం రాయాల్సింది.

ఆ చలికాలం నుంచి నేనూ వాలంటీరునే. పడవ పని కాదు, ఒడ్డు పని. ట్రిప్పుకి ముందు ఫోన్లు చేయడం, ఫారాలు చూడటం, సామాన్ల గది సర్దడం. ఒక సంస్థ పెరగడం అంటే ఏమిటో నాకు ఆ గదిలోనే అర్థమైంది. బయటివాళ్లకి చెప్పేటప్పుడు ఏడాదికి వేలమందిని తీసుకెళ్తున్నామని చెబుతారు, అది నిజమే. కానీ గదిలో ఒక అర నిండా ఫోమ్ ముక్కలున్నాయి. ఎవరో ఎప్పుడో ఒకరి కోసం కోసినవి, పారేయకుండా దాచినవి. మార్కరుతో "ఎడమ మోకాలు", "మెడ వెనక", "చిన్న పిల్లలు" అని రాతలు. తెడ్డు పట్టలేని వేళ్లకి తొడిగే తొడుగులు, తల నిలవనివాళ్లకి మెడపట్టీ ఉన్న లైఫ్ జాకెట్లు. నా ముక్క కూడా అక్కడే ఉంది. "కుడి తుంటి, మందం" అని నేనే రాశాను.

డబ్బు సంగతి వేరే. వచ్చేవాళ్ల దగ్గర తీసుకునేది అసలు ఖర్చుకి చాలదు, మిగతాది విరాళాలు, గ్రాంట్ల నుంచి రావాలి. మా ఆఫీసులో మ్యాచింగ్ ఉంది, నేను వంద ఇస్తే వాళ్లు వంద ఇస్తారు. మన తెలుగు మిత్రుల్ని అడిగితే ఎప్పుడూ కాదనలేదు. కానీ అందరికీ పడవ మీద పేరు కావాలి. లిఫ్టు ఉన్న వ్యానుకి ఇన్సూరెన్స్ కడతామన్నవాణ్ణి నేనింకా చూడలేదు. ఒక మిత్రుడైతే, "అన్నదానం అయితే లెక్క తెలుస్తుంది గురూ, ఇంతమంది తిన్నారని. ఇది ఎలా లెక్కేస్తాం?" అన్నాడు. వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. ఒక్క కుర్చీ మనిషికి నలుగురు సాయం కావాలి. అంతమందిని ఇంకెక్కడైనా పెడితే పది మందిని దించొచ్చు. ఈ ఏడు ట్రిప్పులు పెంచుదామని కొందరు, గైడ్లు తయారవకుండా పెంచితే ఎవరి తుంటో ఒరుసుకుంటుందని కొందరు. పైగా నది మీద ఎవరు ఎంతమందిని దించొచ్చో పర్మిట్లలో హద్దులుంటాయి. ఒక్కోసారి నీళ్లు చాలవు. 2020లో కోవిడ్‌కి ట్రిప్పులు ఆగిపోయాయట. నేను నిదానం వైపు. సంతకి పశువుల్ని తోలినట్టు మనుషుల్ని తోలుకుపోయే సంస్థలు చాలానే ఉన్నాయి.

పోయిన నెల ఒక ఫోన్ చేశాను. ఫ్రీమాంట్‌లో ఉండే కుటుంబం, పిల్లాడికి పన్నెండేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. ఇంగ్లీషులో మొదలుపెట్టాను గానీ వాళ్లమ్మ "సరేనండీ" అన్న తీరు వినగానే తెలుగులోకి దిగాను. గుంటూరు వాళ్లట. ఆవిడకి ముందు నా మీదే అనుమానం. "మీరు ఏం చేస్తుంటారండీ అక్కడ?" అంది. ఫోమ్ ముక్కలు సర్దుతానమ్మా అన్నాను.

బరువు అడిగాను, ముప్ఫై అంది. "నిజం చెప్పమ్మా." ముప్ఫై నాలుగు. ఆనుకోకుండా కూర్చుంటాడా? కాసేపు ఆలోచించి, "కూర్చోడండీ. అలా అంటే తీసుకెళ్లరా?" అంది. తీసుకెళ్తారని చెప్పాను.

"మరి వాణ్ణి పడవకి గట్టిగా కట్టేస్తారు కదా?"

"కట్టరమ్మా."

అవతల చాలాసేపు మాట లేదు. పడవ తిరగబడితే ఏమవుతుందో, జాకెట్ ఎలా తేలుస్తుందో, వెనక మనిషి ఎక్కడ కూర్చుంటాడో చెప్పాను. నా కథ కూడా కొంత చెప్పాను, మీట్‌గ్రైండర్ పేరు మాత్రం దాచాను. ఫారంలో తర్వాతి ప్రశ్న చదివాను. బాబుని కుర్చీలోంచి పడవలోకి ఎలా ఎత్తమంటారు?

"అదీ..." అని ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆగింది. వెనకాల టీవీ చప్పుడు తగ్గింది.

"ఉండండి, వాడికే ఇస్తున్నా" అంది.